ఒక్క భయం - ఎన్ని మాటలు!

దొడ్లో కట్టెల మోపు ఉంది. పొయ్యిలోకి కట్టెలు కావాలి. ఒకామె వంగి ఒక కట్టె లాగింది. దాని కింద నుంచి పాము బుస్సుమని లేచింది.

"పాము! పాము!" అని ఒకటే కేక.

చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. పాము కంచెలో నుంచి చేలోకి జారుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం అరుగు మీద అందరూ ఆ పాము గురించే మాట్లాడుకున్నారు.

"అది బుస్సుమనేసరికి ఉలిక్కిపడ్డానమ్మా" అంది కట్టె లాగినామె.

"నీ కేక విని నా గుండె ఝల్లుమంది వదినా" అంది పక్కింటామె.

"నేనైతే నిలబడ్డ చోటే కొయ్యబారిపోయాను. కాలు కదిలితే ఒట్టు" అంది ఆమె తోడికోడలు.

"మా చంటిది జడుసుకుంది పిన్నీ. ఇంకా వెక్కుతూనే ఉంది" అంది మరొకామె.

"మా ఆవు బెదిరి పలుపు తెంపుకుంది. దాన్ని పట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది" అంది ఒక ముసలమ్మ.

చూశారా? పాము ఒక్కటే. దాన్ని గురించి చెప్పిన మాటలు ఎన్ని! ఉలిక్కిపడటం, గుండె ఝల్లుమనడం, కొయ్యబారిపోవడం, జడుసుకోవడం, బెదరడం. అన్నీ భయం గురించే. వీళ్లలో ఎవరూ "భయం" అన్న మాట వాడనే లేదు.

ఇలా ఒకే అర్థానికి దగ్గరగా ఉండే మాటలను పర్యాయ పదాలు అంటారు. బళ్లో పిల్లలు వీటిని బట్టీ పడతారు. మనం బట్టీ పట్టనక్కరలేదు. ఇవి మన నోట్లో ఉన్న మాటలే. అయితే ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఇవి దగ్గరి మాటలే గానీ అన్నీ ఒకటి కావు.

మన ఇళ్లలో వెనక గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం ఉండేవి. అన్నీ గింజలు కొలిచేవే. కానీ కుంచెడు బియ్యం ఇవ్వాల్సిన చోట గిద్దెడు ఇస్తే ఒప్పుకుంటామా? మాటలకూ అలాగే కొలత ఉంది. పెద్ద భయానికి చిన్న మాట చెబితే ఎదుటివాళ్లు పట్టించుకోరు. చిన్నదానికి పెద్ద మాట చెబితే రేపు నిజంగా పెద్దది వచ్చినప్పుడు నమ్మరు.

ఏ మాటకు ఎంత కొలతో చూద్దాం రండి.

చిన్న భయాలు

జంకు: ఒక పని చేయడానికి వెనకాడటం. "బ్యాంకులో ఫారం అడగడానికి జంకాను" అంటాం. అక్కడ ఎవరూ మనల్ని కొట్టరు. అయినా కాలు ముందుకు పడదు. అదే జంకు.

బెరుకు: కొత్త వల్ల కలిగేది. కొత్త ఇల్లు, కొత్త మనుషులు. "కొత్త కోడలు కదా, ఇంకా బెరుకు పోలేదు" అంటాం. నాలుగు రోజులు పోతే అదే పోతుంది.

బెదురు: పశువులకు ఎక్కువగా వాడతాం. లారీ హారను కొడితే ఎద్దు బెదురుతుంది. ఊరికే బెదిరే గొడ్డును బెదురుగొడ్డు అంటాం. మనుషులకూ వాడతాం. "బెదురు చూపులు చూస్తున్నాడు" అంటాం.

గుబులు: ఏదో జరుగుతుందేమోనని లోపల కదిలే భయం. చీకటి పడింది. బడికి పోయిన పిల్ల ఇంకా రాలేదు. ఏమీ జరగలేదు. కానీ మనసులో గుబులు. తెలంగాణలో దీన్ని బుగులు అంటారు. "నాకు బుగులైతున్నది" అంటారు.

దిగులు: ఇది భయం, బాధ కలిసింది. అప్పు తీరలేదని దిగులు. మొగుడు వలస పోయి ఉత్తరం ముక్క లేదని, ఫోను లేదని దిగులు. తెలంగాణలో రంది అంటారు. గుబులు గంటల్లో పోతుంది. దిగులు రోజుల తరబడి ఉంటుంది. దిగులు వారాలకు వారాలు ఉండి, తిండి సయించక, నిద్ర పట్టక, పని చేయ బుద్ధి కాకపోతే అది జబ్బు కావచ్చు. దానికి మందు ఉంది. డాక్టరుకు చెప్పాలి. చెప్పడానికి జంకకూడదు.

ఉన్నట్టుండి వచ్చే భయాలు

ఉలికిపాటు క్షణంలో వచ్చి క్షణంలో పోతుంది. తలుపు ధనామని కొట్టుకుంటే ఉలిక్కిపడతాం. గాలికి కొట్టుకుందని తెలియగానే నవ్వుకుంటాం.

అదిరిపడటం దానికన్నా కొంచెం పెద్దది. ఒళ్లంతా కుదుపు వచ్చినట్టు ఉంటుంది. హడలిపోవడం ఇంకా పెద్దది. "ఆయన కేకలకు ఇల్లంతా హడలిపోతుంది" అంటాం. హడల్లో మనిషి ఆలోచన చేయలేడు.

దడుచుకోవడం, జడుసుకోవడం ఒకటే. ఊరిని బట్టి మాట మారుతుంది. చిన్నపిల్లలకు ఈ మాట ఎక్కువ వాడతాం. "పిల్లవాడు జడుసుకున్నాడు. అందుకే జ్వరం తగిలింది" అంటాం. తాయెత్తు కడతాం. దిష్టి తీస్తాం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మాట మనల్ని మోసం చేసేది ఇక్కడే. పిల్లవాడు నిన్న కుక్కను చూసి జడుసుకున్న మాట నిజమే కావచ్చు. ఈ రోజు జ్వరం వచ్చిన మాటా నిజమే. కానీ మొదటిది రెండోదానికి కారణం అని ఎవరు చెప్పారు? ఆ జ్వరం మలేరియా కావచ్చు. టైఫాయిడ్ కావచ్చు. డెంగీ కావచ్చు. రక్తం పరీక్ష చేస్తే గానీ తెలియదు. "జడుపు జ్వరం" అని పేరు పెట్టి ఇంట్లో కూర్చుంటే రోజులు గడిచిపోతాయి. తాయెత్తు కట్టినా సరే, పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోవడం మానవద్దు.

ఒంటితో చెప్పే మాటలు

మనం భయాన్ని ఒంటితోనే చెబుతాం. గుండె దడదడలాడింది. గుండె గుభేలుమంది. గుండె జారిపోయింది. ఒళ్లు జలదరించింది. ముచ్చెమటలు పోశాయి. నోరు ఎండిపోయింది. కాళ్లూ చేతులూ ఆడలేదు. గజగజ వణికాను. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఈ మాటలు ఊరికే పుట్టలేదు. భయం వేసినప్పుడు ఒంట్లో నిజంగానే ఈ మార్పులు వస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. చెమట పడుతుంది. నోరు తడారిపోతుంది. పారిపోవడానికో, ఎదురు తిరగడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. మన పెద్దవాళ్లు తమ ఒంటిని చూసుకుని ఈ మాటలు చేశారు.

అయితే భయం లేకుండానే ఇవి వస్తే? ఎవరూ బెదిరించలేదు. పామూ రాలేదు. ఊరికే కూర్చుంటే చెమటలు పట్టాయి. గుండెల్లో బరువుగా ఉంది. ఆయాసం వచ్చింది. దవడలోనో, వీపులోనో, ఎడమ చేతిలోనో నొప్పి. వాంతి వచ్చేట్టు ఉంది. ఇది భయం కాదు. ఇది గుండె జబ్బు కావచ్చు. ఆడవాళ్లకు గుండె జబ్బు రాదనుకోవద్దు. "ఏదో కంగారుగా ఉందిలే, కాసేపు పడుకుంటే పోతుంది" అనుకోవద్దు. వెంటనే 108కి ఫోను చేయాలి.

డాక్టరు దగ్గర "భయంగా ఉంది" అని ఊరుకోవద్దు. "పొద్దున్నుంచి గుండె దడగా ఉంది. మెట్లెక్కితే ఎక్కువవుతోంది. చెమట పడుతోంది" అని చెప్పండి. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎంతసేపు అన్నది చెబితే డాక్టరుకు పని తేలికవుతుంది.

నోట మాట రానప్పుడు

కొన్ని సంగతులు భయం కన్నా ముందు మనల్ని నిలబెట్టేస్తాయి. కళ్లతో చూసినా నమ్మలేం. అప్పటి మాటలు వేరు.

నివ్వెరపోవడం: ఎదురు చూడనిది చూసి ఆశ్చర్యంతో ఆగిపోవడం. నిర్ఘాంతపోవడం: చెడ్డ కబురు విని ఏమీ తోచకపోవడం. కొయ్యబారిపోవడం: కొయ్యలాగా, అంటే కర్రలాగా కదలకుండా ఉండిపోవడం.

పేపర్లలో రెండు పెద్ద మాటలు కనిపిస్తాయి. వాటిని విడదీసి చూస్తే చాలా తేలిక.

అవాక్కు: వాక్కు అంటే మాట. ముందు "అ" చేరితే లేదు అని అర్థం. అవాక్కయ్యాడు అంటే నోట మాట రాలేదు.

దిగ్భ్రాంతి: దిక్కు, భ్రాంతి కలిసి ఈ మాట వచ్చింది. తూర్పేదో పడమరేదో తెలియని స్థితి. "బస్సు ప్రమాదంపై మంత్రి దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు" అని పేపర్లో చదువుతాం. ఆ వార్త విని దిక్కు తోచలేదని దాని అర్థం.

ఇప్పుడు అందరూ వాడే మాట షాకు. ఇది ఇంగ్లీషు నుంచి వచ్చింది. దీనికి మూడు వాడకాలు ఉన్నాయి.

ఒకటి: "ఆ కబురు విని షాకయ్యాను." ఇది నిర్ఘాంతపోవడం లాంటిదే.

రెండు: కరెంటు షాకు. ఇది మనసుకు కాదు, ఒంటికి తగిలేది. తడి చేత్తో స్విచ్చి ముట్టుకుంటే, బట్టలారేసే తీగకు కరెంటు తీగ తగిలితే షాకు కొడుతుంది. షాకు కొట్టి అతుక్కున్న మనిషిని ఎప్పుడూ చేత్తో పట్టుకుని లాగవద్దు. మీకూ కొడుతుంది. ముందు మెయిను ఆపాలి. ఆపడం కుదరకపోతే ఎండు కర్రతో మనిషిని తీగ నుంచి విడదీయాలి. మీ కాళ్ల కింద ఎండు చెక్కో, ఎండు గోనెసంచో ఉండాలి. ఇది ఇంటి కరెంటుకు. స్తంభం నుంచి తెగిపడ్డ తీగ దగ్గరికి మాత్రం అసలు పోవద్దు. కరెంటు ఆఫీసుకు చెప్పి ఆపించాలి.

మూడు: ఆసుపత్రిలో "పేషెంటు షాకులోకి పోయింది" అంటారు. ఆమె ఏదో విని భయపడిందని కాదు. రక్తం బాగా పోవడం వల్లనో, మరో కారణంతోనో ఒంట్లో రక్తం సరిగా తిరగడం లేదని అర్థం. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి. కాన్పు సమయంలో ఈ మాట వింటే "ధైర్యం చెబితే సరిపోతుందిలే" అనుకోవద్దు. రక్తం అవసరమా, పెద్దాసుపత్రికి తీసుకుపోవాలా అని వెంటనే అడగాలి.

భయంకరం, ఘోరం, దారుణం, బీభత్సం

ఇంతవరకు మనకు ఎలా అనిపించిందో చెప్పే మాటలు చూశాం. ఇప్పుడు భయపెట్టిన దాన్ని గురించి చెప్పే మాటలు చూద్దాం.

భయంకరం అంటే భయం కలిగించేది. పులి భయంకరం. చీకటి అడవి భయంకరం. అందులో తప్పు ఎవరిదీ లేదు. భీకరం, భయానకం కూడా దాదాపు ఇదే అర్థం. ఇవి పుస్తకాల్లో ఎక్కువ.

దారుణం అంటే అందులో కనికరం లేదు. కట్నం కోసం కోడల్ని తగలబెట్టడం దారుణం. పులిని మనం దారుణం అనం. మనిషి చేసిన పనిని అంటాం.

ఘోరం అంటే జరగరానిది జరగడం. ఘోర ప్రమాదం, ఘోర పాపం అంటాం. "ఎంత ఘోరం జరిగిపోయింది తల్లీ!" అని ఏడుస్తాం.

బీభత్సం అనే మాటకు మొదటి అర్థం అసహ్యం, రోత. నాటకాల్లో చెప్పే తొమ్మిది రసాల్లో భయానకం ఒకటి, బీభత్సం ఇంకొకటి. ఇప్పుడు పేపర్లలో అంతా ధ్వంసం కావడాన్ని బీభత్సం అంటున్నారు. "గాలివాన బీభత్సం" అని రాస్తారు. ఈ మాట రాసేటప్పుడు జాగ్రత్త. మొదటి అక్షరం "బీ". చాలామంది చదువుకున్నవాళ్లు కూడా "భీ" అని రాస్తారు. అది తప్పు. మీరు మాత్రం ఒప్పు రాయండి.

ఈ పెద్ద మాటలను మనం రోజూ చిన్న పనులకు వాడేస్తున్నాం. కూరలో ఉప్పెక్కువైతే "ఘోరంగా ఉంది" అంటాం. తలనొప్పి వస్తే "దారుణంగా నొప్పి" అంటాం. సరదాగా మాట్లాడుకునేటప్పుడు ఫరవాలేదు. కుర్రకారు అయితే భయం మాటను మెచ్చుకోలు మాటగా మార్చేశారు. "నీ చీర అదిరింది అక్కా!" అంటారు. అదరడం అంటే కంపించడం. ఇప్పుడు "చాలా బాగుంది" అని అర్థం. మాటలు మనుషుల్లాంటివి. ఊరు మారితే వేషం మారుస్తాయి.

కానీ రెండు చోట్ల మాట కొలత తప్పకూడదు. ఒకటి హెచ్చరిక. రెండు అర్జీ.

హెచ్చరికలో మాట

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం అయిదు మీటర్ల దాకా లేచింది. అంటే మనిషికి మూడు నిలువులు. ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. సుమారు 10 వేల మంది చనిపోయారు. గాలివాన వస్తుందని విన్నవాళ్లు కూడా సముద్రం అంత లోపలికి వస్తుందనుకోలేదు. తుఫాను వేరు, ఉప్పెన వేరు. తుఫాను అంటే గాలి, వాన. ఉప్పెన అంటే ఆ గాలి తోసుకొచ్చే సముద్రపు నీరు. గాలికి ఇంట్లో తలుపేసుకుని కూర్చోవచ్చునేమో. ఉప్పెనకు ఇంట్లో కూర్చుంటే ప్రాణం పోతుంది.

ఆ తర్వాత కోస్తా ఊళ్లలో తుఫాను షెల్టర్లు కట్టారు. హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. చెట్లు, స్తంభాలు, ఇళ్ల కప్పులు లేచిపోయాయి. ఆస్తి నష్టం చాలా జరిగింది. కానీ తీరం ఊళ్ల నుంచి జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవాళ్ల లెక్క వేలలోకి పోలేదు.

వాతావరణ శాఖ వాళ్ల మాటల్లో ప్రతి మాటకూ ఒక అంకె ఉంది. గాలి గంటకు 62 నుంచి 88 కిలోమీటర్ల వేగంతో వీస్తే తుఫాను. 89 నుంచి 117 అయితే తీవ్ర తుఫాను. 118 దాటితే అతి తీవ్ర తుఫాను. ఆ పైన ఇంకా ఉన్నాయి. 220 దాటితే సూపర్ సైక్లోన్. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకింది అలాంటిదే. పేపర్లు, టీవీలు "పెను తుఫాను", "మహా బీభత్సం" అని రకరకాలుగా అంటాయి. ఆ మాట చూసి హడలిపోవద్దు, తేలిగ్గా తీసుకోవద్దు. పక్కన అంకె ఉంటుంది. అది చదవండి. అంకెలు మీకు వచ్చు కదా!

రంగుతో కూడా హెచ్చరిక ఇస్తారు. పసుపు అంటే వార్తలు గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే ఇక ఆగవద్దు, చెప్పినట్టు చేయండి.

అర్జీలో మాట

ఒకామెను మొగుడు రోజూ తాగి కొడుతున్నాడు. నిన్న రాత్రి కత్తిపీట తీసి "చంపేస్తా" అన్నాడు. పిల్లలు మంచం కింద దూరి బిక్కుబిక్కుమంటూ తెల్లార్లూ గడిపారు. పొద్దున్నే ఆమె పోలీసు స్టేషనుకు వెళ్లింది అనుకుందాం.

"ఏం జరిగిందమ్మా?" అని అడిగారు.

"ఏం చెప్పను సారూ! ఇంట్లో గొడవ" అంది.

కాగితం మీద ఏమని పడుతుంది? "భార్యాభర్తల గొడవ" అని పడుతుంది. గొడవ అంటే రెండు వైపులా తప్పున్నట్టు. ఇద్దరూ అరుచుకున్నట్టు. ఆమె పడ్డ భయం ఆ మాటలో ఎక్కడైనా ఉందా? లేదు. సిగ్గుపడి చిన్న మాట చెప్పింది. కుంచెడు బాధను గిద్దెతో కొలిచింది.

అదే ఆమె ఇలా చెబితే? "నిన్న రాత్రి పది గంటలకు తాగి వచ్చాడు. జుట్టు పట్టుకుని గోడకు కొట్టాడు. కత్తిపీట చూపించి చంపేస్తానని బెదిరించాడు. పక్కింటివాళ్లు విన్నారు. నాకూ పిల్లలకూ ప్రాణభయం ఉంది." ఇందులో ఘోరం, దారుణం అన్న మాటలు లేవు. అవసరం లేదు. జరిగింది జరిగినట్టు ఉంది. రోజు ఉంది, టైము ఉంది, ఆయుధం ఉంది, అన్న మాట ఉంది.

"భయపడ్డాను" అన్నది మన సంగతి. "బెదిరించాడు" అన్నది అతను చేసిన పని. చట్టం అతను చేసిన పనిని చూస్తుంది. చంపుతానని బెదిరించడం నేరం. 2005లో వచ్చిన గృహ హింస చట్టం ప్రకారం కొట్టడం ఒక్కటే హింస కాదు. తిట్టి అవమానించడం, బెదిరించడం, డబ్బు ఇవ్వకుండా మాడ్చడం కూడా హింసే.

ఫిర్యాదు నోటితో చెప్పినా పోలీసులు రాసుకోవాలి. రాసినది మనకు చదివి వినిపించాలి. ఆ తర్వాతే మనం సంతకం పెట్టాలి. కేసు కట్టిన కాగితం కాపీ ఒకటి డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం చెబుతోంది.

వెనక మనం వేలిముద్ర వేసేవాళ్లం. పైన ఏం రాశారో తెలిసేది కాదు. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. కూడబలుక్కునైనా సరే, మనమే చదవాలి. "గొడవ" అని ఉంటే "అయ్యా, ఇది గొడవ కాదు. కొట్టడం, బెదిరించడం. అలా రాయండి" అని చెప్పాలి. సరిగా రాసేదాకా సంతకం పెట్టనక్కరలేదు.

అత్యవసరం అయితే 112కు, ఆడవాళ్ల సాయానికి 181కి ఫోను చేయవచ్చు.

పిల్లలను భయపెట్టే మాటలు

ఇంకొక మాట. అన్నం తినకపోతే పిల్లలకు "బూచాడొస్తాడు" అని చెబుతాం. అల్లరి చేస్తే "పోలీసుకు పట్టిస్తా" అంటాం. ఏడిస్తే "నర్సమ్మతో సూది వేయిస్తా" అంటాం. ఆ పూటకు పని గడుస్తుంది. కానీ జాతరలో తప్పిపోయినప్పుడు ఆ పిల్ల ఎవరి దగ్గరికి పోవాలి? పోలీసు దగ్గరికే. జ్వరం వస్తే ఎవరు చూడాలి? నర్సమ్మే. సాయం చేసేవాళ్లను చూసి పిల్లలు జడుసుకునేలా మనమే నేర్పుతున్నాం. ఆ మాటలు మానేద్దాం.

భయానికి ఎదురు మాటలు

భయానికి ఇన్ని మాటలుంటే దానికి ఎదురు మాటలు లేవా? ఉన్నాయి. ధైర్యం, తెగువ, నిబ్బరం, గుండె దిటవు.

తెగువ అంటే తెగించి ముందుకు పోవడం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఆ పని చేశారు. చదువు కేంద్రంలో కూర్చుని అక్షరాలు నేర్చుకుంటూ తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు. సారా తమ ఇళ్లను ఎలా తినేస్తోందో గుర్తించారు. జంకు వదిలి సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది.

నిబ్బరం అంటే భయం లేకపోవడం కాదు. భయం ఉన్నా చేయాల్సిన పని చేయడం. మళ్లీ కట్టెల మోపు దగ్గరికి వద్దాం. ఆ పాము కరిచి ఉంటే? హడలిపోయి పరుగులు పెడితే మేలు లేదు. కరిచిన మనిషిని నడిపించకూడదు. కరిచిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. మంత్రం కోసం తిరగకూడదు. కాలు చేయి కదలకుండా ఉంచి, వెంటనే పాము విషానికి మందు ఉండే ఆసుపత్రికి చేర్చాలి. అదీ నిబ్బరం.

భయపడటం తప్పు కాదు. ఎంత భయమో, దేనికి భయమో సరైన మాటతో చెప్పగలిగితే సాయం అందుతుంది. చదువు వచ్చినవాళ్లం. ఇక మన భయాన్ని మన మాటతో, మన చేత్తో రాద్దాం.

చదివారు కదా! ఇప్పుడు ఇవి చేయండి.

1. మీ ఊళ్లో భయానికి ఇంకా ఏ మాటలు వాడతారు? ముసలివాళ్లను అడిగి అయిదు మాటలు రాయండి.

2. గుబులు, దిగులు - వీటికి తేడా ఏమిటి? ఒక్కో మాటతో ఒక వాక్యం రాయండి.

3. "బీభత్సం" అన్న మాటను మూడుసార్లు తప్పు లేకుండా రాయండి.

4. "ఇంట్లో గొడవ" అన్న అర్జీని సరైన మాటలతో తిరగరాయండి. రోజు, టైము, జరిగిన పని తప్పకుండా ఉండాలి.

5. మిమ్మల్ని ఎప్పుడైనా జంకు ఆపిందా? ఆ జంకు ఎలా పోయింది? కేంద్రంలో అందరూ మాట్లాడుకోండి.